ఏడో జెండా

ఆదివారం: ఆమదాలవలస

శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో దిగితే శ్రీకాకుళం వచ్చేసినట్టు కాదు. స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. ఊరు ఇంకా 13 కిలోమీటర్లు. ఎప్పుడొచ్చినా ఆటోవాళ్ళతో బేరమాడి విసుక్కునే ఆ దూరాన్ని ఈసారి సైకిల్ మీద పోదామని హైదరాబాద్‌లోనే అనుకున్నాను. ప్లాట్‌ఫాం చివర సిమెంటు బల్ల దగ్గర సంచి విప్పి చక్రాలు బిగిస్తుంటే ఐదారుగురు చుట్టూ చేరారు. ఒక పెద్దాయన అడక్కుండానే పంపు అందుకుని గాలి కొట్టడం మొదలుపెట్టాడు.

"ఐదరాబాదు నుంచి సైకిల్ మోసుకొచ్చేవేటి తల్లీ? ఇక్కడ దొరకవా?"

దొరుకుతాయి. కానీ నాకు తగువున్నది ఈ సైకిల్‌తోనే.

నాకు 41 ఏళ్ళు. ఉద్యోగానికి ముందూ వెనకా మిగిలిన టైములో పరుగెత్తుతాను, సైకిల్ తొక్కుతాను. పతకాలొచ్చే స్థాయి ఎప్పుడూ లేదు. బ్రెవే అని దూరప్రయాణాలుంటాయి, వాటిలో పోటీ ఉండదు, గడువుంటుంది. 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటలు, 300కి 20 గంటలు. 200లు నాలుగు పూర్తి చేశాను. పోయిన ఏడాది 300కి దిగి, గడువు దాటిన 40 నిమిషాలకి చేరాను. అప్పట్నుంచి పిచ్చి పట్టింది. చేతికి వాచీ, ఛాతీకి పట్టీ, ఫోన్‌లో శిక్షణ పట్టిక. గుండె ఎంత కొట్టుకుంది, నిద్ర ఎంత పట్టింది, నిన్నటి మీద వేగం ఎంత పడిపోయింది, ఇదే లెక్క. ఒక ఆదివారం 62 కిలోమీటర్లు తొక్కి ఇంటికొస్తే మా ఆయన "ఎటు వెళ్ళావు?" అని అడిగారు. సగటు వేగం చెప్పాను. "అదడగలేదు, దారిలో ఏముంది?" అన్నారు. ఎంత తలగోక్కున్నా ఒక్క చెట్టు గుర్తు రాలేదు. ఆ తరవాత రెండు నెలలు ఆ సైకిల్ బాల్కనీలో తడి తువ్వాళ్ళు ఆరేయడానికి పనికొచ్చింది.

ఆమదాలవలస పక్కనున్న ఊసవానిపేట పిల్లే కరణం మల్లీశ్వరి. 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చి, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ అయినప్పుడు నేను ఇంటర్‌లో ఉన్నాను. ఆ వారం మా వీధి ఆడపిల్లలందరం కిరాణా కొట్టు ముందు ఉప్పు బస్తాలు ఎత్తడానికి పోటీలు పడ్డాం. నేను సగం దాకా లేపి నడుం పట్టించుకున్నాను. అమ్మ తిడుతూ నూనె రాస్తుంటే కూడా నవ్వు ఆగలేదు.

ఇంటికి చేరేసరికి చీకటి పడింది. అమ్మ సైకిల్‌ని, నన్ను, మళ్ళీ సైకిల్‌ని చూసి, "ఇదా సెలవంటే?" అంది.

సోమవారం: కళింగపట్నం దాకా

ఐదున్నరకి మంచులో బయల్దేరాను. రథసప్తమి అయిన వారం కావడంతో అరసవల్లి దగ్గర పందిళ్ళ కర్రలు ఇంకా విప్పుతున్నారు. సూర్యదేవుడి గుడి ముందు నుంచి వెళ్తున్నాను కానీ ఆ సూర్యుడే ఎక్కడా కనిపించలేదు. లైటు వెలుగులో పది గజాల రోడ్డు, అటూ ఇటూ కోసేసిన వరి మళ్ళు, వాటిలో మోకాలెత్తు మినుము.

శ్రీకూర్మం చేరేసరికి మంచు విడింది. ఇక్కడ స్వామి తాబేలు రూపంలో, పడమటి ముఖంగా ఉంటాడు. ధ్వజస్తంభాలు రెండు. గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్ళని పెంచుతారు. ఒకటి తోటకూర ఆకు చివర పట్టుకుని, నమిలి, ఆగి, ఆలోచించి, మళ్ళీ నములుతోంది. గట్టు మీద కూర్చుని దాన్నే చూస్తున్నాను. అంతలో చేతికున్న వాచీ గుర్రుమంది. 'లేవండి, కదలాల్సిన సమయం' అట. పక్కన తాబేలుకి మేత వేస్తున్న అతను "ఫోనా అమ్మా?" అన్నాడు. ఏం చెప్పను?

శాలిహుండం కొండ పెద్దదేం కాదు. సైకిల్ కింద తాళం వేసి మెట్లెక్కితే ఇటుకల స్తూపాలు, చైత్యాల పునాదులు, వాటి కింద వంశధార. నది ఇక్కడ సముద్రాన్ని చేరే తొందరేమీ లేనట్టు వెడల్పుగా పరుచుకుని ఉంటుంది. ఈ బౌద్ధ క్షేత్రాన్ని 1919లో వెలుగులోకి తెచ్చినవారు గిడుగు రామమూర్తి పంతులు. వాడుక భాష కోసం అంత పోరాడుతూ ఆయన ఈ కొండలెక్కడానికి ఎప్పుడు తీరిక చేసుకున్నారో! ఈ కథనాన్ని 'బయలువెడలితిని' అని మొదలుపెట్టకుండా బతికిపోయానంటే ఆయన పుణ్యమే.

పైన కూర్చుని సర్వే ఆఫ్ ఇండియా మ్యాప్ ప్రింటు తీశాను. 1:50,000 స్కేలు, అంటే కాగితం మీద రెండు సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. దాన్ని వెంట పెట్టుకున్నది మావయ్య ఆజ్ఞ వల్ల. అమ్మ తమ్ముడు ఆర్మీలో సుబేదార్‌గా రిటైరై ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు చూసుకుంటున్నాడు. నా సైకిల్ గోడు ఫోన్‌లో విని, "నా దగ్గర ఒక ఆటుంది, రా. వచ్చేలోపు మ్యాపు సూడ్డం మళ్ళీ నేర్చుకో" అన్నాడు. డిగ్రీలో ఎన్‌సీసీ క్యాంపులో నేర్చుకున్నదే. కానీ ఇన్నేళ్ళూ ఫోన్‌లో నీలం చుక్క ఎటు వెళ్ళమంటే అటు వెళ్ళిన మనిషికి కాగితం మీద తానెక్కడుందో తెలుసుకోవడం అంత తేలిగ్గా రాలేదు. నది వంపుని మ్యాప్‌లోని వంపుతో కలపడానికి పావుగంట పట్టింది. కలిసిన క్షణాన మాత్రం కాగితం కాస్తా నేలయిపోయింది. ఆ గీతే ఈ గట్టు, ఆ చుక్కలే ఆ ఊరు.

కళింగపట్నంలో లైట్‌హౌస్, టీ, రెండు పుణుగుల పొట్లాలు. ఒడ్డున ఒక ఆలివ్ రిడ్లీ తాబేలు చచ్చిపడి ఉంది. గుడ్లు పెట్టడానికి వచ్చే ఈ కాలంలో వలల్లో చిక్కుకుని చచ్చినవి ఇలా కొట్టుకొస్తుంటాయి. పొద్దున ఒక తాబేలుని చూసి నవ్వాను, సాయంత్రం ఇది. కాసేపు అక్కడే నిలబడిపోయాను.

తిరుగుదారిలో వెనక టైరు పోయింది. పల్లేరుకాయ. పంచర్ షాపతను ట్యూబుని నీళ్ళ తొట్టిలో ముంచి బుడగల్ని చూస్తూ, "గట్టు దిగి తొక్కేవా?" అన్నాడు. ఒక్క బుడగతో నా దారంతా చెప్పేశాడు.

మంగళవారం

నొప్పులు. అమ్మ చేతి చోడి అంబలి, మధ్యాహ్నం పనసపొట్టు కూర, మళ్ళీ నిద్ర. వాచీ ఛార్జింగ్ అయిపోయింది. దాని వైరు హైదరాబాద్‌లో ఉండిపోయింది, ఊళ్ళో నాలుగు షాపులు తిరిగినా ఆ రకం దొరకలేదు. సాయంత్రం వరకూ ఉత్త మణికట్టు చూసుకుంటూనే ఉన్నాను. దీన్ని సన్యాసం అనుకోకండి, వైరు దొరికి ఉంటే పెట్టుకునేదాన్నే.

బుధవారం: టెక్కలి, తేలినీలాపురం, పలాస

జాతీయ రహదారి 16 సైకిల్‌కి మంచి రోడ్డే కానీ మంచి తోడు కాదు. లారీ దాటినప్పుడల్లా గాలి ముందు లాగుతుంది, తరవాత తోస్తుంది. టెక్కలి దాకా తల వంచుకుని తొక్కాను. అక్కడి నుంచి నౌపడ వైపు, ఉప్పు మడులున్న వైపు తిరిగాక తల ఎత్తాను.

తేలినీలాపురంలో ఊరి మధ్య చెట్ల మీదే గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కడతాయి. ఇళ్ళ పైకప్పుల మీద, మోటారు సైకిళ్ళ సీట్ల మీద రెట్టలే. ఎవరూ విసుక్కోరు. ఒక ఇంటి అరుగు మీద చాటలో మినుములు ఏరుకుంటున్న ముసలమ్మ, "పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలమ్మా ఇవి. ఓ ఏడు రాకపోతే ఊరికే బెంగ" అంది. సైబీరియా నుంచి వస్తాయని చిన్నప్పటి నుంచి వింటున్నాను. నిజానికి ఈ రెండు జాతులూ మన దేశంలో ఉండేవే. పిల్లల్ని పొదగడానికి ఇక్కడికి చేరతాయి. కాబట్టి ముసలమ్మ చెప్పిన లెక్కే సరైనది. తల్లి గూడబాతు నోరు తెరిస్తే పిల్ల తలకాయ మొత్తం ఆ సంచిలోకి దూర్చేసింది. నేను గంట సేపు మెడ నొప్పెట్టేలా చూశాను. చూశానని ఎలా తెలుసంటే, రాత్రి మా ఆయనకి ఫోన్‌లో ఎంత చెప్పానో, అవతల గురక వినిపించేదాకా చెప్పాను.

పలాస దాటి వజ్రపుకొత్తూరు మండలంలోకి వచ్చేసరికి నేల ఇసుకైంది. మావయ్య ఇంటికి ఆఖరి రెండు కిలోమీటర్లు సైకిల్ దిగి నడిపించుకుంటూ వెళ్ళాను. మొత్తం 90 దాకా అయి ఉంటుంది, కచ్చితంగా తెలీదు. అత్తయ్య బిందెడు నీళ్ళు తోడి పెట్టింది. తాగే నీళ్ళు మాత్రం వేరే కుండలో. ఉద్దానం అంటే బయటివాళ్ళకి కిడ్నీ జబ్బే గుర్తొస్తుంది. ఇన్నేళ్ళ పరిశోధనల తరవాత కూడా కారణం ఇదీ అని తేలలేదు. ఇక్కడివాళ్ళకి నీళ్ళు తాగడం కూడా ఆలోచించి చేసే పనైపోయింది.

గురువారం: ఎర్ర సూది

మావయ్య ఆట పేరు ఓరియంటీరింగ్. ఆర్మీలో పోటీలు ఆడేవాడట. చేతిలో మ్యాపు, దిక్సూచి. మ్యాపు మీద వృత్తాలు గీసి, 1, 2, 3 అని అంకెలు వేసి ఉంటాయి. ప్రతి వృత్తం నడిమధ్యన నేల మీద నారింజ, తెలుపు రంగుల జెండా ఉంటుంది. వరసలో అన్నీ పట్టుకుని రావాలి. దారి మాత్రం ఎవరిష్టం వాళ్ళది. 

ఈ ఆట గురించి రైల్లో కొంత చదువుకుని వచ్చాను. జనానికి పెట్టిన మొదటి పోటీ 1897లో నార్వేలో జరిగింది. దాన్ని ఇప్పుడున్న రూపానికి తెచ్చింది మాత్రం స్వీడన్‌కి చెందిన ఎర్న్‌స్ట్ కిలాండర్. కుర్రాళ్ళకి పరుగు పోటీల మీద ఆసక్తి తగ్గిపోతోందని, స్టేడియంలో గుండ్రంగా తిప్పడం మానేసి 1919లో మ్యాపులిచ్చి స్టాక్‌హోం దగ్గరి అడవుల్లోకి తోలాడు. ఇది చెబితే మావయ్య, "అంటే నీలాటోళ్ళు అప్పుడూ ఉన్నారన్నమాట" అన్నాడు.

మ్యాపు గీసింది మా బావ కొడుకు, పదో తరగతి. ఉపగ్రహం ఫొటో మీద కాగితం పెట్టి గీసి, తోటలన్నీ నడిచి దిద్దాడు. 1:5,000 స్కేలు, సెంటీమీటరుకి 50 మీటర్లు. "పిన్నీ, తెలుపంటే ఏటి?" అని పరీక్ష పెట్టాడు. ఖాళీ నేల అన్నాను. వాడికి భలే సంతోషం. ఈ ఆట మ్యాపుల్లో తెలుపంటే పరిగెత్తగలిగే తోపు. ఖాళీ నేల పసుపు. పొద ఎంత చిక్కనైతే ఆకుపచ్చ అంత ముదురు. మొగలి కంచెలు ముదురాకుపచ్చ గీతలుగా ఉన్నాయి. గోధుమరంగు ఎత్తుపల్లాలకి, నీలం గెడ్డలకి, బందలకి, అంటే వాగులకి, చెరువులకి.

మ్యాపులో తెల్లగా ఉన్న ఒక మూల నేల మీద చూస్తే పసుపుగా ఉండాల్సింది. వాడు మొదట పట్టుకున్న ఫొటో తిత్లీకి ముందుదట. 2018 అక్టోబరు 11న ఆ తుపాను తీరం దాటింది ఈ చుట్టుపక్కలే. మావయ్యవి అరవై కొబ్బరిచెట్లు, సగం జీడితోట ఒక్క రాత్రిలో పడ్డాయి. ఆ మూల ఇప్పుడు నా భుజాల ఎత్తు మొక్కలు. "అది తెలుపే ఉండనీరా" అన్నాడు మావయ్య. కుర్రాడు ఒప్పుకోలేదు, పసుపు రంగు పెన్సిల్ తెచ్చి దిద్దేశాడు. మ్యాపంటే ఉన్నదే చూపించాలి తాతా అన్నాడు. మావయ్య ఏమీ అనలేదు, దిక్సూచి అద్దం తుడుస్తూ కూర్చున్నాడు.

పాఠం రెండు ముక్కల్లో అయింది. మొదటిది, బొటనవేలు ఎప్పుడూ మ్యాపు మీద మనం ఉన్నచోట ఉండాలి. మనం కదిలితే వేలూ కదలాలి. రెండోది అడుగుల లెక్క. 100 మీటర్లకి కుడికాలు ఎన్నిసార్లు పడుతుందో లెక్కపెట్టించాడు. గట్టి బాట మీద 66, ఇసుకలో 74. అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా మన వైపు ఒక డిగ్రీ కూడా ఉండదు కాబట్టి ఆ లెక్క పట్టించుకోవద్దన్నాడు.

సాయంత్రం ఒక్కదాన్నీ ఒక జెండాకి పంపాడు. 240 మీటర్లు, నేరుగా. దిక్సూచి తిప్పి, సూదిని గీతల మధ్యకి తెచ్చి, అడుగులు లెక్కపెడుతూ ఎంతో శ్రద్ధగా వెళ్ళాను. లెక్క పూర్తయ్యేసరికి ఒక ఇంటి పెరట్లో ఉన్నాను. ఎదురుగా గేదె. గేదె వెనక నుంచి ఒకావిడ, "ఎవులింటికొచ్చేవు తల్లీ?" అంది.

ఎర్ర సూది ఉత్తరాన్ని చూడాలి. నేను దక్షిణానికి పెట్టాను. ఎన్‌సీసీ పిల్లకైనా, 41 ఏళ్ళ మనిషికైనా ఇదే మొదటి తప్పు అని మావయ్య ఓదార్చాడు. గేదె ఇంటావిడ ఉడకేసిన గేగులు పెట్టి పంపింది. వేరేచోట తేగలంటారే, అవే. కాబట్టి తప్పుదారి అనడానికి నాకు నోరు రావడం లేదు.

శుక్రవారం: తొమ్మిది జెండాలు

పిల్లలకి బడి ఉంది కాబట్టి ఆరింటికే మొదలు. జెండాలు ముందురోజు సాయంత్రమే కట్టేశారు. అత్తయ్య పాత నారింజ చీర, మావయ్య చిరిగిన పంచె కలిపి కుట్టినవి, ఒక్కో పక్క 30 సెంటీమీటర్లు, కొలత మాత్రం అంతర్జాతీయం. ఒక్కో జెండాకి ఒక్కో రంగు క్రేయాన్ పురికొసతో వేలాడుతుంటుంది, వెళ్ళినట్టు గుర్తుగా కార్డు మీద గీత గీయాలి. నేను, బావ కొడుకు, వాడి చెల్లెలు, మూడేసి నిమిషాల తేడాతో. చెల్లెలికి 11 ఏళ్ళు, కాళ్ళకి హవాయి చెప్పులు.

మొదటిది పుంత మలుపులో, దొరికింది. రెండోది పాడుబడ్డ నుయ్యి. మూడోదానికి పరుగు అందుకున్నాను, అంతే, బొటనవేలు మర్చిపోయాను. ఒక జీడితోట చివర ఆగి చూస్తే చుట్టూ ఒకేలాంటి నాలుగు తోటలు. ఇన్నేళ్ళ శిక్షణ పట్టికల్లో దీనికి మందు లేదు. ఊపిరి నిలిచేదాకా నిలబడ్డాను. అప్పుడు జీడిపూత వాసన తెలిసింది. చెట్టు కొమ్మలు నేలకి ఆనుకుని ఉంటాయి కదా, మొహం పూతలోనే ఉంది. సన్నని గులాబీ చారల పూలు, వాటి మీద చీమలు. ఎడమ పక్క ఎక్కడో మోటారు చప్పుడు. మోటారుంటే బోరుంటుంది. మ్యాపులో బోరు ఒక్కటే ఉంది. వేలు దాని మీద పెట్టాను.

నాలుగోది ఇసుక దిబ్బ తూర్పు పాదంలో. బాట వదిలాక 110 మీటర్లు, అంటే ఇసుకలో 81 అడుగులు. ఈసారి పరిగెత్తలేదు. డెబ్బై తొమ్మిది, ఎనభై, ఎనభై ఒకటి. తల ఎత్తితే చెయ్యి చాపినంత దూరంలో జెండా. పెద్దగా కేకేశాను. ఏం కేకేశానో తెలీదు. దూరంగా కుక్క బదులిచ్చింది. కార్డు మీద ఆకుపచ్చ గీత ఒకటి చాలు కదా, మూడు గీశాను.

ఐదోదానికి ముందు మొగలి కంచె. నేరుగా 200 మీటర్లు, చుట్టూ తిరిగితే 450. నేరుగా వెళ్ళాను. మొగలి ఆకు అంచులకి రంపం పళ్ళుంటాయి. కంచెలో సగం దూరాన చున్నీ ఒదులుకుని, చేతులు గీరుకుపోయి అటు తేలేసరికి చెల్లెలు ఎదురొచ్చింది. చుట్టూ తిరిగి, జెండా చూసుకుని, ఆరోదానికి పోతోంది. "పిన్నీ, అందులోంచి ఎందుకొచ్చేవు? అది పచ్చగా ఉంది కదా మ్యాపులో" అని, సమాధానం కోసం ఆగకుండా చెప్పులు టపటపలాడించుకుంటూ పోయింది.

ఇక ఏడోది. రెండు పుంతలు కలిసేచోటు నుంచి ఈశాన్యంగా 60 మీటర్లు, ఒంటరి తాటిచెట్టు. చెట్టు దొరికింది. జెండా లేదు. మళ్ళీ పుంత దగ్గరికి వచ్చి అడుగులు లెక్కపెట్టాను. అదే చెట్టు. ఇంకో తాటిచెట్టు ఉందేమోనని చుట్టూ వెతికాను. సూది తలకిందులైందా? లేదు. నలభై నిమిషాలు. పోయిన ఏడాది సరిగ్గా ఇన్ని నిమిషాలకే నేను ఏడ్చింది. ఇప్పుడు తాటిచెట్టు మొదట్లో కూర్చుని బాటిల్ నీళ్ళు తాగుతూ, ఈ ముసలి సుబేదార్ ఎక్కడ కట్టి ఉంటాడా అని ఆలోచిస్తున్నాను. పక్కన మేకలు మేస్తున్నాయి. వాటిని కాసే కుర్రాడిని అడిగితే, "నాకేటి తెలుసు?" అని అటు తిరిగాడు.

ఏడోది వదిలేసి ఎనిమిది, తొమ్మిది పట్టుకుని ఇంటికొచ్చేసరికి పిల్లలు చద్దన్నం తిని బడికి పోయారు. మావయ్య నా కార్డు చూసి ఏడో గడి దగ్గర పెదవి విరిచాడు. "నాను నా సేత్తో కట్టేను, తాటిచెట్టుకి ఉత్తరం పక్క. పిల్లలు ఆరు దగ్గర్నుంచి టైం సాలక ఇంటికొచ్చేసేరు, లేకపోతే ఆళ్ళకి దొరికేది." నేను వాదించలేదు. నిన్న గేదె దగ్గరికి వెళ్ళిన మనిషి మాటకి విలువేముంటుంది?

సాయంత్రం మళ్ళీ వెళ్దామంటే అత్తయ్య కదలనివ్వలేదు. చేతుల గీతలకి పసుపు రాసి కూర్చోబెట్టింది. చీకటి పడ్డాక పిల్లలతో సముద్రం దాకా సైకిల్ మీద వెళ్ళొచ్చాం. నా ముందు చెల్లెలు, వెనక ఎవరూ లేరు కాబట్టి వేగం కూడా లేదు. ఇసుకలో దిగబడ్డప్పుడల్లా ఇద్దరం పడ్డాం.

శనివారం: రైలు

పలాస స్టేషన్‌లో సైకిల్ విప్పి సంచిలో పెడుతుంటే గొలుసు నిండా ఇసుక. మావయ్య రెండు కిలోల జీడిపప్పు, ఒక పనసకాయ తెచ్చాడు. పనసకాయ వద్దన్నాను, వినలేదు. సైకిల్ కంటే అదే బరువుంది. మ్యాపు మడతపెట్టి నా చేతిలో పెట్టి, "ఏడోది బాకీ. వేసవిలో రా, తీరుద్దువు" అన్నాడు.

రైలు తిలారు దాటుతుండగా ఫోన్ మోగింది. మావయ్యే. అవతల నుంచి పిల్లల నవ్వులు వినిపిస్తున్నాయి.

"ఏటే పిల్లా, రైలెక్కడుంది?"

మ్యాపు మీద వేలు పెట్టలేను కాబట్టి కిటికీలోంచి బోర్డు చూసి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. గొంతు సవరించుకున్నాడు.

"ఆ మేకల గుంటడొచ్చేడు. ఏడో జెండా పురికొస తెచ్చిచ్చేడు."

"గుడ్డ?"

"మేక నమిలేసిందట. క్రేయాన్‌తో సహా."